పేరు పెట్టే అధికారం

ఢిల్లీలో సరాయ్ అని ముగిసే ఊళ్ళు అనేకం. బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, యూసుఫ్ సరాయ్. సరాయ్ అంటే బాటసారులు దిగే సత్రం. ఐ.ఐ.టి.కి చేరువనున్న జియా సరాయ్ నేటికీ ఒకవిధమైన సత్రమే. బాటసారులు మాత్రం మారినారు. ఇప్పుడు అక్కడ దిగేది పరీక్షలకు చదివే విద్యార్థులు. తెలుగుదేశమునుండి వచ్చినవారూ వారిలో లేకపోలేదు. అట్టి ఇరుకు గదిలో కూర్చున్న పిల్లవానికి, 1946 జూలైలో అంబేద్కరు అమెరికాలోని డుబాయిస్ పండితునికి వ్రాసిన లేఖ నేడు చేతిలోని ఫోనుమీదనే కనిపించును. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన వినతిపత్రపు ప్రతులు కావలెనని అంబేద్కరు అందులో అడిగినారు. ఆ నెల 31వ తేదీననే డుబాయిస్ బదులు వ్రాసినారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆ కాగితాలను భద్రపరచి, ఛాయలు తీసి, లోకానికి తెరచి ఉంచినది.

ఛాయ తీసినంతమాత్రాన లేఖ దొరకదు. దాని క్రింద ఎవరో ఇద్దరి పేర్లు, తేదీ, విషయం వ్రాసియుండవలెను. గుమాస్తాపనిగా తోచే ఈ కార్యంలో నైతికప్రశ్న ఏమున్నదని చాలామంది విద్వాంసులు తలచుదురు. తలచినవారికి కింబర్లీ క్రెన్‌షా 1989లో వ్రాసిన వ్యాసం చదువదగినది. జనరల్ మోటార్స్ సంస్థమీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు వ్యాజ్యం వేసినారు. ఆ సంస్థ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలోనికే తీసుకొనలేదు. తరువాత కొలువుల కోత వచ్చినప్పుడు, చివర చేరినవారు కనుక మొదట పోయినదీ వారే. 1976లో న్యాయస్థానం వారి వాదాన్ని త్రోసివేసినది. స్త్రీలకు ఉద్యోగాలిచ్చినారు కదా అన్నారు, వారు తెల్లవారు. జాతివివక్షకొక పట్టిక, స్త్రీపురుషవివక్షకొక పట్టిక ఉన్నవి. రెండింటికీ చెందినవారికి విడిగా పట్టిక లేదు. ఆ అయిదుగురూ రెండు కాలమ్‌ల నడుమ జారిపోయినారు.

జాతి వేరు, కులం వేరు అనే ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఇక్కడి పోలిక రంగుకు కాదు, పట్టికకు.

1917లో బెజవాడలో పంచమ మహాజనసభ జరిగినది. అధ్యక్షుడు హైదరాబాదువాడైన భాగ్యరెడ్డివర్మ. పంచములన్న మాట తమది కాదనీ, తాము ఈ నేలకు మొదటివారమనీ సభ భావించి, తన పేరును ఆది ఆంధ్ర సభగా మార్చుకొన్నది. 1930లలో గాంధీమహాత్ముడు హరిజనశబ్దాన్ని ప్రచారం చేసినారు. 1985లో కారంచేడు హత్యల తరువాత దళిత మహాసభ ఏర్పడినది. మనుష్యులు వారే. యంత్రానికి మాత్రం ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ఒకటి వెదకినవానికి తక్కిన మూడూ చిక్కవు.

చిత్తూరు సీమలో పుట్టి అమెరికాలో గణకశాస్త్రజ్ఞుడైన రాజ్ రెడ్డి పూనికతో సాగిన డిజిటల్ గ్రంథాలయ యత్నం 2007 నాటికి పదిహేను లక్షల పుస్తకాలను యంత్రంలోనికి ఎక్కించినది. వానిలో తెలుగు పుస్తకాలు విస్తారం. అది సామాన్యసేవ కాదు. అయితే ఎన్నో తెలుగు పేర్లు రోమను లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంతో వారు వ్రాయగా వికృతరూపాలతో నిలిచినవి. పుస్తకం ఉన్నది, దానిని పిలువగల పేరు లేదు. పేరున్న కవి పుస్తకానికి ఈ లోపం పెద్ద హాని చేయదు, వెదకేవారు పదిమంది ఉందురు. ఆది ఆంధ్ర సభల కరపత్రం వంటిదానికి అదే రెండవ మరణం.

మరి పండితుడు దానిక్రింద ఏమి వ్రాయవలెను? నేటి మాట వ్రాసినచో, వారు కోరి ఎంచుకొన్న పేరును తానే తుడిచివేసినవాడగును. నాటి మాటనే ఉంచినచో జియా సరాయ్ పిల్లవానికి అది దొరకదు. రెండూ ఉంచవచ్చును కదా అందురు. ఉంచవలసినదే. కాని వట్టిగా ప్రక్కప్రక్కన పేర్చిన పర్యాయపదాలు అబద్ధమాడును: పంచమ, ఆది ఆంధ్ర అనునవి సమానార్థకాలు కావు, ఒకటి ఇతరులు పెట్టినది, రెండవది దానిని త్రోసి తాము పెట్టుకొన్నది. ఏ పేరు, ఏ సంవత్సరమున, ఎవరు పెట్టినది, ఎవరు కాదన్నది అనే నాలుగు గళ్ళు ఆ పట్టికలో ఉండవలెను. ఆ గళ్ళు నింపుటకు తెలుగు చదివి, ఆ సభల చరిత్ర ఎరిగి, ఒక్కొక్క కాగితంముందు గంటసేపు కూర్చుండువాడు కావలెను. ఎక్కించిన పుటల సంఖ్యనే ఫలితంగా చూపే పథకాలలో ఆ గంటకు పద్దు లేదు.