నా నమ్మకం నీకు చెప్పొచ్చా?

మంచిది ఏదైనా దొరికితే నలుగురికీ పంచాలి, దాచుకోవడం స్వార్థం అని పెద్దవాళ్ళు చెప్తారు. ఎవరి దేవుడు వాళ్ళకు, ఇంకొకరి నమ్మకం జోలికి పోకూడదు అని కూడా ఆ పెద్దవాళ్ళే చెప్తారు. ఈ రెండు మాటలూ చిన్నప్పటి నుంచి వింటున్నాను. విడివిడిగా చూస్తే రెండూ న్యాయంగానే ఉన్నాయి. రెండింటినీ ఒకేసారి పాటించడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకీ ప్రశ్న మా పక్కింటి అన్నయ్య వల్ల వచ్చింది. వాళ్ళది రాజమండ్రి. వాళ్ళ నాన్నగారికి ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి హోసూరు వచ్చారు. వాళ్ళు క్రైస్తవులే గానీ వాళ్ళ సంఘం వేరు. దాని పూర్తి పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథం అనే ఇంకో పుస్తకాన్ని కూడా పవిత్రంగా చూస్తారు కాబట్టి లోకం వాళ్ళను మోర్మన్లు అంటుంది. ఆ పేరు వాడొద్దని 2018లో వాళ్ళ సంఘం అధ్యక్షుడే చెప్పారు. అన్నయ్య మాత్రం “మోర్మన్ అంటేనే నీకు గుర్తుంటుందిలే” అని నవ్వుతాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి బెంగళూరు పోతారు.

ఆ సంఘంలో 18 ఏళ్ళు నిండిన అబ్బాయిలు రెండేళ్ళు మిషనరీగా పనిచేస్తారు. అమ్మాయిలు వెళ్ళాలనుకుంటే ఏడాదిన్నర. ఏ ఊరికి పోవాలో వాళ్ళు ఎంచుకోరు, సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. జీతం లేదు, చేతనైనంత ఖర్చు ఇంట్లోవాళ్ళే పెట్టుకుంటారు. తెల్ల చొక్కా, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ళ. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి. అబ్బాయిలను ‘ఎల్డర్’ అని పిలుస్తారు, అంటే పెద్ద అని. (మా క్లాసులో ఎవరినైనా అలా పిలిస్తే వారం రోజులు నవ్వుకుంటాం.) ఇప్పుడు వారానికొకసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. 2019కి ముందైతే ఏడాదికి రెండుసార్లే. అన్నయ్యకు ఢిల్లీ పడింది. తెలుగు, ఇంగ్లీషు తప్ప రానివాడు పోయి హిందీ నేర్చుకున్నాడు. ఇదంతా విని మా అవ్వ “ఇది రెండేళ్ళ సన్యాసం మాదిరి ఉందే” అంది. నాకూ అలాగే అనిపించింది. పద్ధెనిమిదేళ్ళకు ఇల్లు, చదువు, స్నేహితులు అన్నీ పక్కనపెట్టి, తనకు సత్యం అనిపించినదాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పడానికి పోవాలంటే గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని గౌరవించాలి.

కానీ ధైర్యం ఉన్నంత మాత్రాన చేసే పని సరైనదని కాదు కదా! “ఇది సత్యం” అని నేను మీతో అంటే, పైకి అనకపోయినా “మీది అంత సత్యం కాదు” అని కూడా అన్నట్టే. మా నాయనకు ఇక్కడే కోపం. “మన ఇంట్లో దేవుడు లేడా? ఆ పిల్లోడు వచ్చి చూపించాల్నా?” అంటాడు.

మన తమిళనాడులోనే తిరుక్కోష్టియూరు అనే క్షేత్రం ఉంది. అక్కడ రామానుజాచార్యులు గురువు దగ్గర రహస్య మంత్రం నేర్చుకుని, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి కూడా గోపురం ఎక్కి అందరికీ వినిపించారని కథ చెప్తారు. నేనొక్కడినే నరకానికి పోయినా పరవాలేదు, వీళ్ళందరూ తరిస్తే చాలు అన్నారట. ఈ కథ చెప్తే మా నాయన కూడా చేతులు జోడిస్తాడు. మంచిని పంచడం తప్పు అనేవాళ్ళు ముందు రామానుజులకు జవాబు చెప్పాలి. అయితే ఒక తేడా ఉంది. ఆయన గోపురం మీద నిలబడ్డారు. కింద నడిచేవాళ్ళు వినాలంటే ఆగుతారు, వద్దంటే సంతకు పోతారు. ఎవరి తలుపూ తట్టలేదు. తలుపు తట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు మొహమాటపడతారు. మన ఇళ్ళల్లో వచ్చిన మనిషికి నీళ్ళు ఇవ్వకుండా పొమ్మనలేం. నీళ్ళు ఇచ్చాక కూర్చోబెట్టాలి, కూర్చోబెట్టాక వినాలి. ఆ మర్యాదను ఆసరా చేసుకుని చెప్పడం మొదలుపెడితే, విన్నది ఇష్టంతో విన్నారా మొహమాటంతో విన్నారా అని తెలుసుకునేది ఎట్లా?

ఆ సంఘం చరిత్రలో మొదటి మిషనరీ కథ అన్నయ్య చెప్పాడు. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ ఆ సంఘాన్ని స్థాపించాడు. ఆయన తమ్ముడు శామ్యూల్ సంచిలో పుస్తకాలు వేసుకుని ఊళ్ళ వెంట నడిచాడు. ఎవరూ కొనలేదు. రాత్రికి సత్రంవాడు కూడా బయటికి పంపేస్తే ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడు. అతను ఇచ్చిన పుస్తకమే చేతులు మారి బ్రిగమ్ యంగ్ అనే ఆయనకు చేరింది. తర్వాత ఆ సంఘాన్ని నడిపించింది ఆయనే. అన్నయ్యకు ఈ కథలో చివరి భాగం ఇష్టం. నాకైతే ఆపిల్ చెట్టు భాగం ఇష్టం. ఎందుకంటే ఆ రోజు వద్దన్నవాళ్ళకు వద్దనే స్వేచ్ఛ నిండుగా ఉంది. వచ్చినవాడి వెనుక అధికారం లేదు, డబ్బు లేదు. సంచి మాత్రమే ఉంది.

తెలుగువాళ్ళ దగ్గరికి ఈ సంఘం వచ్చింది ఇంకో దారిలో. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ దీంట్లో చేరిన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ చుట్టాలకే చెప్పారు. 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చుట్టాలకు చెప్పడం సులువా, కష్టమా? తెలియనివాళ్ళను పొమ్మనవచ్చు, అత్తనో బావనో పొమ్మనడం కష్టం. కానీ మనల్ని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళ ముందు నటించలేం కూడా.

ఇంతవరకు తలుపు లోపల ఉన్నవాళ్ళ గురించే రాశాను. తలుపు బయట నిలబడటం కూడా నాకు తెలుసు. ప్రతి మే నెలలో మా తెలుగు అయ్యవారితో మేము కొందరం వీధి వీధి తిరుగుతాం. “అమ్మా, పిల్లను తెలుగు బడిలో వేయండి, అమ్మభాషలో చదివితే బాగా అర్థమవుతుంది” అని చెప్తాం. ఎండలో కాళ్ళు కాలిపోతాయి. కొందరు మజ్జిగ ఇస్తారు. కొందరు “ఇంగ్లీషు మీడియం కట్టేశామప్పా” అని గడపలోనే చెప్పేస్తారు. ఒకమ్మ “తెలుగు చదివి మీరేం ఉద్యోగం చేస్తారు?” అని నన్నే అడిగింది. నేను చెప్పే మాట నిజమని నాకు గట్టిగా తెలుసు. అయినా ఆ అమ్మ తన బిడ్డ గురించి నాకంటే ఎక్కువ ఆలోచించి ఉంటుంది కదా అని కూడా అనిపించింది. ఇంకో సంగతి. పిల్లలు తగ్గిపోతే మా బడిలో అయ్యవార్ల పోస్టులు తగ్గుతాయి. కాబట్టి మేము తలుపు తట్టేటప్పుడు ఆ పిల్లకు తెలుగు కావాలని తడుతున్నామా, మా హాజరుపట్టీకి పిల్ల కావాలని తడుతున్నామా? రెండూ కలిసే ఉంటాయి. విడదీయడం నా వల్ల కాలేదు.

అందుకే అన్నయ్యను ఇదే ప్రశ్న అడిగాను. మిషనరీలు కూడా ఎంతమందిని కలిశారు, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు అని లెక్క రాసి పంపాలి. ఎదుటి మనిషి ఆ లెక్కలో అంకెగా కనిపించడా? అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఢిల్లీలో పార్కులో కలిసిన ఒక ముసలి సర్దార్జీ గురించి చెప్పాడు. ఆయన వీళ్ళిద్దరికీ టీ ఇప్పించి, “మీది తర్వాత చెప్పండి, ముందు మా గురువుల గురించి వినండి” అని గంటసేపు చెప్పారట. “చివరికి మాది చెప్పడానికి టైమే లేదు రా. ఆ రోజు లెక్కలో ఏమని రాయాలో తెలియలేదు. కానీ ఆ రెండేళ్ళలో నాకు బాగా గుర్తున్న రోజు అదే” అన్నాడు. నా నమ్మకం నీకు చెప్తాను అనేవాడు నీ నమ్మకం నాకు చెప్పు అని కూడా అడగాలని నా అభిప్రాయం. అడగకపోతే అది అమ్మకం అవుతుంది గానీ పంచుకోవడం కాదు.

మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని పాటించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కు కూడా ఉంది. అయితే ప్రచారం అంటే తన మతం గురించి తెలియజెప్పడమే, ఇంకొకరిని తన మతంలోకి మార్చే హక్కు కాదు అని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. తమిళనాడులో 2002లో బలవంతపు మతమార్పిడి మీద చట్టం తెచ్చి 2004లో తీసేశారు. బలవంతం, మోసం, ఆశ చూపడం తప్పు అని చట్టం చెప్పగలదు. కానీ అవ్వను ఆస్పత్రిలో చేర్చినప్పుడు అన్నయ్య రెండు రాత్రులు మాతో ఉన్నాడు. అది ప్రేమా, ఆశ చూపడమా అని ఏ కోర్టు తేల్చగలదు? మా నాయన ఆ రెండు రాత్రులూ అనుమానంగానే చూశాడు. నేనూ గమనించాను. అన్నయ్య ఆస్పత్రిలో తన పుస్తకం తీయలేదు, దేవుడి మాట ఎత్తలేదు. జబ్బుతో ఉన్నవాళ్ళ దగ్గర, ఆకలితో ఉన్నవాళ్ళ దగ్గర సాయం చేసే చేతితోనే పుస్తకం చాపితే వాళ్ళు వద్దనలేరు. అక్కడ నోరు మూసుకోవడం కూడా భక్తే అని నాకనిపిస్తుంది.

నన్ను మాత్రం ఒకసారి అడిగాడు, “ఆదివారం మాతో బెంగళూరు వస్తావా?” అని. వద్దన్నాను. సరే అన్నాడు. మళ్ళీ అడగలేదు. లెక్కలు చెప్పడం మానలేదు, నా మీద ప్రేమ తగ్గలేదు. 18 నిండనివాళ్ళకు అమ్మానాన్నల అనుమతి లేకుండా వాళ్ళు బాప్తిస్మం ఇవ్వరట, అది కూడా మంచి నియమమే. కానీ ఇక్కడ నన్ను ఒక ఆలోచన వదలడం లేదు. ఆయన నిజంగా అదే సత్యమని, దాంట్లోనే నాకు మేలుందని నమ్మితే ఒక్కసారి అడిగి ఎలా ఊరుకున్నాడు? బావి దగ్గరికి పోతున్న పిల్లవాణ్ణి ఒకసారే పిలిచి ఊరుకుంటామా? ఇదే అడిగితే “నువ్వు బావిలో పడుతున్నావని నేను అనుకోవడం లేదు రా” అన్నాడు. “మరైతే రెండేళ్ళు ఎందుకు తిరిగావు?” అన్నాను. దానికి జవాబు ఇంకా చెప్పలేదు.

నా నమ్మకం నాకెలా వచ్చిందో కూడా చూసుకోవాలి కదా. తిరుపతిలో నా పుట్టువెంట్రుకలు తీసినప్పుడు నన్నెవరూ అడగలేదు. వాళ్ళ సంఘంలో పిల్లలకు ఎనిమిదేళ్ళకే బాప్తిస్మం, వాళ్ళనూ ఎంతవరకు అడుగుతారో! ఇంట్లోవాళ్ళు చెప్తే పెంపకం, బయటివాళ్ళు చెప్తే ప్రచారం అంటున్నాం. వినేవాడికి రెండింటిలోనూ తర్వాతైనా ఆలోచించుకునే వీలుండాలి.

పోయిన నెల మా చిన్నాయన తిరుమల నుంచి లడ్డు తెచ్చాడు. అవ్వ కాగితంలో చుట్టి పక్కింటికి తీసుకుపోయి అన్నయ్య చేతిలో పెట్టింది. “మా స్వామి ప్రసాదం నాయనా, తింటే తిను, లేకుంటే లేదు” అంది. ఆయన రెండు చేతులతో తీసుకుని “చాలా సంతోషమండి మామ్మగారూ” అన్నాడు. తిన్నాడో లేదో నాకు తెలియదు. అవ్వ అడగలేదు, నేనూ అడగలేదు.