లెక్కకు రాని యాట

లోకము మనుష్యుని యోగ్యతను అంకెలతో గొలుచుట కలవాటుపడినది. విద్యార్థిని మార్కులతోను, ఉద్యోగిని జీతముతోను, ఆటగానిని పట్టికలోని గెలుపులతోను మనము తూచుచున్నాము. తూనికయే వలదని మేమనము. కాని తూనికకు రానిదెల్ల లేనిదేయని తీర్మానించుట న్యాయమా? ఈ ప్రశ్ననే యిచ్చట విచారింపబూనితిమి.

స్కాట్లండు దేశమున టామీ వాకర్ అను ఫుట్‌బాల్ ఆటగాడుండెను. అతడు 1915లో జన్మించి, ఎడింబరో నగరపు హార్ట్స్ జట్టులో పేరొందెను. 1936లో వెంబ్లీ మైదానమున ఇంగ్లండుతో జరిగిన యాటలో, గాలి మాటిమాటికి బంతిని గుర్తుపైనుండి త్రోసివేయుచుండగా, చలింపక పెనాల్టీని గోలు చేసి తన దేశమును ఓటమినుండి తప్పించెను. 1939లో యుద్ధము వచ్చునప్పటి కతనికి ఇరువదినాలుగేండ్లు. యుద్ధము ముగిసి 1946లో చెల్సీ జట్టున జేరునప్పటికి ముప్పది దాటినవి. కాలి సత్తువయు ఆటలోని యనుభవమును ఒక్కచోట గలిసెడి యేండ్లన్నియు యుద్ధము పాలయ్యెను. ఆ నడుమ బ్రిటనులో ఆట నిలిచిపోలేదు. ఇంగ్లండును స్కాట్లండును పలుమారులు తలపడెను. వేలకొలది జనులు చూచి సంతోషించిరి. ఐనను ఆ యాటలు అధికారికములు కావని దేశపు పట్టికలలో జేర్పలేదు. ఆడినవాడు ఆడినాడు, చూచినవాడు చూచినాడు. పుస్తకము మాత్రము చూడలేదు.

అంతదూరము పోనేల? మన హైదరాబాదు సంగతియు నిట్టిదే. అదే యుద్ధకాలమున, 1943లో, హైదరాబాదు నగర పోలీసు జట్టు బెంగుళూరున యాష్ స్వర్ణకప్పు పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును గెలిచెను. దేశమును పాలించువారి సైనికులతో మనవారు సమానముగా నిలిచి గెలుచుటకు ఆటస్థలము తప్ప వేరు తావు అరుదైన దినములవి. కాని ప్రసిద్ధమైన డ్యూరాండ్ కప్పు 1941 మొదలు 1949 వరకు తొమ్మిదేండ్లు జరుగనేలేదు. 1940లోను 1944లోను ఒలింపిక్ క్రీడలును లేవు. 1950లో డ్యూరాండ్ మరల మొదలుకాగానే ఈ పోలీసు జట్టే మోహన్ బగాను నోడించి కప్పును గైకొనెను. ఆ యేడు మొదలు 1954 వరకు బొంబాయిలోని రోవర్స్ కప్పును వరుసగా అయిదుమారులు గెలిచెను. బడిపంతులుగా జీవితము నారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీము ఈ జట్టునకు శిక్షకుడు. ఆయన శిక్షణలోనే భారతదేశపు జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందెను.

ఈ విజయములను మనము కొనియాడుదుము, కొనియాడవలసినదే. కాని 1950లో పండిన పంట అంతకుముందు దున్నిన నేలలోనిదే గదా! ఆ తొమ్మిదేండ్లలో యౌవనము గడచి, పోటీలు తిరిగి వచ్చునాటికి మోకాళ్లు సడలినవారి పేర్లు మనలో నెందరెరుగుదురు?

ఇందుకు గొందరు, ‘కర్మయందే యధికారము గాని ఫలమునందు లేదని గీత చెప్పలేదా? వారాడిన యానందమే వారికి ఫలము’ అందురు. మాట గంభీరమైనదే. కాని యా యుపదేశము కర్తకు జెప్పినది. చేయువాడు ఫలము గోరకుండుట యతని ధర్మము. చూచువాడు ఋణము మరువకుండుట వీని ధర్మము. ఒకరి వైరాగ్యమును చూపి మరియొకరు తమ బాకీ నెగవేయుట యే శాస్త్రమునను లేదు.

మన యిండ్లలో ఈ యెగవేత నిత్యము జరుగుచున్నది. తెల్లవారకముందు లేచి అందరకు వండి వడ్డించి, రోగికి సేవచేసి, రాత్రి యందరికంటె వెనుక నిద్రించు తల్లి పని యే జమాఖర్చులో నెక్కుచున్నది? ఆమె ఫలము గోరదని మెచ్చుకొందుము. ఆ మెప్పుతోనే ఆమె నోరు కట్టుదుము. జనాభా లెక్కలవారు వచ్చి ‘ఈమె యేమి పని చేయును?’ అని యడిగిన, ‘ఏమియు లేదు’ అని యింటి యజమానుడు చెప్పుట వింతగా నెవ్వరికిని దోపదు. యుద్ధకాలపు ఆటగాని కేడెనిమిదేండ్లే లెక్క తప్పినవి. ఈమెకు జీవితమంతయు తప్పుచున్నది.

‘లెక్క లేనిచో ప్రజ్ఞకును గొప్పలకును భేద మెట్లు తెలియును?’ అని యడుగవచ్చును. నిజమే. అందుచేతనే లెక్కను విడువుమని మేము చెప్పుట లేదు. దాని కొలది నెరుగుమని చెప్పుచున్నాము. చిట్టా చూడనిచోట మనుష్యుడే చూడవలెను.

నేడు ఉప్పల్ క్రికెట్ మైదానమున వేసిన ప్రతి బంతియు వ్రాతకెక్కును. దాపుననే బోడుప్పల్‌లో ఇల్లు లేవని ఖాళీ స్థలమున పిల్లలు బంతి తన్నినచో వ్రాయువారు లేరు. ‘దీనివలన నేమి వచ్చును?’ అని తండ్రి గద్దించును. ఆ ప్రశ్న వేయుటకు ముందు ఒక్కసాయంకాలము ప్రక్కన నిలిచి ఆట చూచిన జాలును. ఇంటికి వచ్చి, భార్య దినమంతయు నేమి చేసినదో అడిగి తెలిసికొనిన మరియు మేలు. లెక్కకు రాని పనికి కన్నులున్న సాక్షి యొక్కడైన నుండుట కనీస న్యాయము.