ఓడిపోయే పార్టీకైనా వచ్చి వెయ్యి

అమ్మలూ,

"మావాళ్ళు ఎటూ ఓడిపోతున్నారు, ఆ మాత్రానికి రాత్రంతా బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని రావడం ఎందుకు" అన్నావట మీ అమ్మతో. నీకు ఆ పార్టీ అంటే ఎంత అభిమానమో నాకు తెలుసు. నేను ఏనాడూ వాళ్ళకి ఓటు వెయ్యలేదన్న సంగతి నీకూ తెలుసు. అయినా నువ్వు వచ్చి, నీకు నచ్చినవాళ్ళకే ఓటేసి వెళ్ళమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నీ ఒక్క ఓటుతో ఫలితం తారుమారైపోతుందని చెప్పి నిన్ను మభ్యపెట్టను. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. అలాంటివి ఎప్పుడో గానీ జరగవు. నేను చెప్పేది వేరే సంగతి. ఓడిపోయినవాడికి వేసిన ఓటు మురిగిపోదు. దాన్నీ లెక్కపెడతారు, కాగితం మీదకి ఎక్కిస్తారు, తర్వాత అయిదేళ్ళూ ఆ కాగితం తిరగేస్తూనే ఉంటారు.

మన రాష్ట్రం సంగతే చూడు. 2019లో తెలుగుదేశానికి వచ్చింది 23 సీట్లు. పని అయిపోయిందన్నారు అందరూ. కానీ వాళ్ళకి పడ్డ ఓట్లు 39 శాతం పైచిలుకు. 2024లో అదే పార్టీకి 135 సీట్లు వచ్చాయి. ఈసారి వైసీపీ 11 దగ్గర ఆగిపోయింది. వాళ్ళకి పడ్డ ఓట్లూ 39 శాతం పైచిలుకే! రెండుసార్లూ పదిమందిలో నలుగురికి దగ్గరగా ఓడిన పక్షాన నిలబడ్డారు. అసెంబ్లీలో బెంచీలు చూసినవాడికి ఆ నలుగురూ కనబడరు. ఓట్ల లెక్క చూసినవాడికి కనబడతారు. ఆ లెక్క చూడకుండా రాజకీయం చేసేవాడు ఎవడూ లేడు. ఇక జనసేనకి 2019లో దక్కింది ఒక్క రాజోలు. పార్టీ అధ్యక్షుడే భీమవరం, గాజువాక రెండు చోట్లా ఓడిపోయారు. అయిదేళ్ళు తిరిగేసరికి 21 చోట్ల నిలబడి 21 గెలుచుకున్నారు. 2019లో "ఎలాగూ గెలవరు" అని తెలిసి కూడా వేసిన ఆ ఓట్లే లేకపోతే, పొత్తులో వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునేది ఎవరు?

ఇంకా వెనక్కి వెళ్తే 1984. దేశం మొత్తం మీద భారతీయ జనతా పార్టీకి వచ్చింది రెండే సీట్లు. అందులో ఒకటి మన హనుమకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి ఓడించింది ఎవర్నో తెలుసా, పి.వి. నరసింహారావుని. ఆ పార్టీ 2014లో 282 సీట్లకి చేరింది. మధ్యలో ముప్పై ఏళ్ళపాటు ఎన్నో నియోజకవర్గాల్లో, ఓడిపోతామని తెలిసీ క్యూలో నిలబడ్డవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను గానీ, ఆ పట్టుదలకి మాత్రం గౌరవం ఇస్తాను.

చట్టంలో కూడా ఓడిన ఓటుకి లెక్క ఉంది. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అభ్యర్థికి డిపాజిట్ దక్కదు. 1,80,000 ఓట్లు పోలైన చోట 30,000 దాటాలన్నమాట. ఒక్క సీటూ గెలవకపోయినా, రాష్ట్రం మొత్తం మీద 8 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి ఎన్నికల సంఘం గుర్తింపు ఉంటుంది, గుర్తు చేజారిపోదు.

ఇవన్నీ పేపర్లో దొరికే సంగతులే. పేపర్లో రానిది ఒకటుంది. బడిపంతులుగా నేను ఎన్నో ఎన్నికల్లో డ్యూటీ చేశాను. ఏడింటికి పోలింగ్ అంటే అయిదున్నరకల్లా ఏజెంట్లు వచ్చేస్తారు. వాళ్ళ ఎదురుగా కనీసం 50 ఓట్లు ఉత్తుత్తిగా వేయించి, మెషీన్ సరిగ్గా ఉందని చూపించి, అవన్నీ చెరిపేశాకే అసలు పోలింగ్ మొదలవుతుంది. ఓడిపోతుందని ఊరంతా అనుకునే పార్టీ ఏజెంటు కూడా ఆ బల్ల దగ్గర, మిగతావాళ్ళ పక్కనే కూర్చుంటాడు. ముందర ఓటర్ల జాబితా, చేతిలో పెన్సిలు. వచ్చినవాళ్ళ పేరు పిలవగానే ఒక గీత గీస్తాడు. వచ్చినవాడు ఆ ఓటరు కాదని అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పే హక్కు అతనికి ఉంది. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన 17సి ఫారం మీద సంతకం పెట్టి, ఒక నకలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్తాడు. మర్నాటి నుంచి కౌంటింగ్ వరకూ ఆ నకలే అతని ఆధారం.

అతను అక్కడ ఉన్నాడంటే, ఆ ఊళ్ళో తనవాళ్ళు కొందరైనా వచ్చి ఓటేస్తారన్న ధైర్యంతో ఉన్నాడు. వాళ్ళూ రావడం మానేస్తే వచ్చేసారి ఆ కుర్చీ ఖాళీ. రెండు పార్టీల ఏజెంట్లూ ఉన్న బూత్‌లో, ఒక్క పార్టీవాళ్ళే ఉన్న బూత్‌లో డ్యూటీ చేసినవాడిగా చెప్తున్నాను తల్లీ, రెండింటికీ చాలా తేడా ఉంది. గెలిచేవాడికి ఓటేసే నాకూ ఆ ఏజెంటు అక్కడ ఉండటం అవసరమే.

గెలిచిన ఎమ్మెల్యే కూడా బూత్ వారీ లెక్క తెప్పించుకుంటాడు. ఓడినవాడికీ ఓట్లు బాగా పడి మెజారిటీ 2,000కి తగ్గినవాడు, మనం వీధి కుళాయి మాట ఎత్తగానే ఫోన్ తీస్తాడు. 50,000 అయినవాడికి అంత కంగారు ఉండదు. ఈ బూత్ లెక్కతో చేటూ ఉంది, తమకి పడని పేటని పక్కనపెట్టే మనుషులు లేకపోలేదు. అందుకే అన్ని బూత్‌ల ఓట్లూ కలిపి లెక్కించే టోటలైజర్ మెషీన్లు కావాలని ఎన్నికల సంఘం ఎప్పుడో అడిగింది. అది రాలేదు. అయినా నీ ఓటు ఎటు పడిందో మాత్రం ఎవరికీ తెలీదు, ఆ భయం పెట్టుకోకు.

అసలు ఓడిపోతారని నీకు ఎవరు చెప్పారమ్మా? టీవీలోనేగా? 2004లో వాజ్‌పేయి ప్రభుత్వం మళ్ళీ వస్తుందన్నారు, రాలేదు. 2024లో ఎన్డీయేకి 350 దాటుతాయని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి, 293 వచ్చాయి. వాళ్ళ అంచనా నిజమే కావచ్చు. కానీ ఆ అంచనా విని నీలాంటివాళ్ళు వేలమంది బస్సెక్కడం మానేస్తే, దాన్ని నిజం చేసింది మీరే అవుతారు.

మీ పార్టీ బొత్తిగా పోటీలోనే లేదనిపించి, మిగిలిన ఇద్దరిలో తక్కువ చెడ్డవాడికి వేస్తానంటావా, వెయ్యి. అదీ ఆలోచించి చేసే పనే. ఎవరూ వద్దంటావా, 2013 నుంచి నోటా ఉంది. ఏది నొక్కినా నొక్కింది నీ మనసులో మాటై ఉండాలి. గెలిచేవాడు ఎవడో కనిపెట్టి వాడికి నొక్కి రావడానికి మాత్రం రావద్దు, దానికి బస్సు చార్జీ దండగ.

2024 మే 13 పోలింగ్ అప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద కార్లూ బస్సులూ బారులు తీరిన సంగతి నీకూ గుర్తుండే ఉంటుంది. కాబట్టి టికెట్ ఇవాళే తీసుకో. జాబితాలో పేరు ఉందో లేదో కూడా ఇవాళే చూసుకో, చివరి రోజున పేరు గల్లంతైందని ఏడిస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. బస్సు ఆలస్యమైందని మాత్రం వెనక్కి తిరగకు. పోలింగ్ ముగిసే వేళకి నువ్వు క్యూలో ఉంటే చాలు, చేతికి స్లిప్పు ఇస్తారు. ఆ స్లిప్పు ఉన్నవాళ్ళందరూ వేసేదాకా, ఎంత రాత్రైనా సరే, బూత్ మూయరు.