కూనవరం ఏ జిల్లా?

మేనల్లుడా,

తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పులకు కాపలా కాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కొత్తవాళ్ళకు నువ్వు రాసే మాటలు కూడా చూశాను, అచ్చం మీ తాతయ్య దురుసు నోరే.

కొత్తవాళ్ళ తప్పు ఎలా పుడుతుందో చూడాలంటే కూనవరం సంగతే తీసుకో. 2011 జనగణనలో అది ఖమ్మం జిల్లా. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌కు, తూర్పు గోదావరి జిల్లాకు పోయింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో పడింది. ఊరు మాత్రం శబరి గోదావరిలో కలిసే చోటే ఉంది. ఈ మధ్యలో, 2016లో, మన ఖమ్మాన్నే చీల్చి భద్రాద్రి కొత్తగూడెం చేశారు. మరి జనగణన లెక్క చూసి కూనవరం పేజీలో ఖమ్మం జిల్లా అని రాసి, నీ వెక్కిరింత తిన్న కుర్రవాడు అబద్ధమాడాడా? ఆధారం చూశాడు, తేదీ చూసుకోలేదు. పైగా ఏ గూడెం ఏ వాగు పక్కనుందో, ఏది ఖాళీ అయిందో తెలిసింది అలాంటి అక్కడివాళ్ళకే. పొరపాటు చేసేదీ వాళ్ళే, మనకు తెలియనిది చెప్పగలిగేదీ వాళ్ళే.

మా రోజుల్లో పుస్తకంలో తప్పు పడితే అచ్చయిన కాపీలన్నిటా తప్పే; చివర తప్పొప్పుల పట్టిక వేయడం తప్ప దారి లేదు. ప్రూఫులు దిద్దేవాళ్ళ కాఠిన్యానికి అర్థముండేది. వికీలో పాత కూర్పులన్నీ చరిత్రలో భద్రం. రద్దుచేస్తే పేజీ వెనక్కి వస్తుంది గానీ చిన్నబుచ్చుకుని పోయిన మనిషి రాడు. జీతమిచ్చే చోటైతే తిట్టినా నెలాఖరు దాకా ఉంటాడు, ఇక్కడ వాణ్ణి ఆపేదేముంది? ఈ కాలంలో ఫోనున్న ప్రతివాడూ పరీక్షాధికారే, పాఠం చెప్పేవాడే కరువు.

ఊరుకుంటే చదివేవాళ్ళు తప్పునే నమ్మి నాలుగు చోట్ల ఎక్కిస్తారంటావు. నిజమే. తప్పును ఉంచమనలేదు, కనపడగానే దిద్దు. బతికున్న మనిషి మీద ఆధారం లేని నింద ఉంటే ఎవర్నీ అడక్కుండా తీసెయ్. ఎన్నిసార్లు చెప్పినా పక్కవాళ్ళ రాత తెచ్చి అతికించేవాణ్ణి నిర్వాహకులకు అప్పగించు. ఆ ఇద్దర్నీ, తెలియక తడబడ్డవాణ్ణీ ఒకే గాటన కట్టడమే నీతో నాకు పేచీ.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఆ కుర్రవాడి చర్చాపేజీలో నువ్వు పెట్టిన వెక్కిరింత కొట్టేసి, జిల్లా ఎందుకు మారిందో రెండు ముక్కలు రాయి. జిల్లా పేరు ఒక్కటే తప్పయితే, అతను ఎక్కించిన జనాభా అంకెల్ని కూడా కలిపి రద్దుచేశావు. అవి సరైనవే. 2011 లెక్క అని పక్కన రాసి, ఈ రాత్రే తిరిగి పెట్టు.

మామయ్య