భారము వేయు ముందు

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 10:13



ఓడరేవు చూచినవారికి ఈ సంగతి తెలియును. ఓడమీది వించి తిరుగగా ఇనుపతీగల మోకు బిగిసి, పెద్ద బరువులు గాలిలోనికి లేచును. ఆ క్రిందనే కూలీలు పనిచేయుచుందురు. మన ఊరి బావిలో చేదతాడు తెగినయెడల బొక్కెన మాత్రమే పోవును. అక్కడ మోకు తెగినయెడల ఒక ఇంటి దీపము ఆరిపోవును.

ఇందునిమిత్తము 1979లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రేవు పనివారి క్షేమముకొరకు 152వ ఒప్పందమును చేసెను. దాని ప్రకారము బరువులెత్తు ప్రతి సాధనమును వాడుకలోనికి తెచ్చుటకు ముందే పరీక్షింపవలెను. ఓడమీది సాధనములను అయిదేండ్లకు ఒకసారియైనను మరల పరీక్షింపవలెను. 12 నెలలకు ఒకసారియైనను తెలిసినవాడు వాటిని క్షుణ్ణముగా చూడవలెను. పరీక్షలో వేయు బరువు, దినదినము ఎత్తు బరువుకంటె ఎక్కువ. 20 టన్నులలోపు సాధనములకు నూటికి 25 వంతులు అధికముగా వేయుట వాడుక. అనగా 10 టన్నులు ఎత్తవలసిన క్రేనుపై పన్నెండున్నర టన్నులు వేయుదురు.

ఇది న్యాయమా అని ఎవరైన అడుగవచ్చును. దేవుని విషయములోను మనము ఈ ప్రశ్ననే అడుగుచున్నాము. మన శక్తికి మించిన శోధనను ఆయన రానియ్యడని పౌలు వ్రాసెను. అయితే, "అయ్యగారూ, ఇది నేను మోయలేను" అని మాయొద్ద ఏడ్చినవారు అనేకులు.

క్రేనుపై వ్రాసిన అంకెను చూడుడి. అది దాని బలమునకు చివరి హద్దు కాదు. క్షేమముగా ఎత్తదగిన బరువు మాత్రమే. చేసినవాడు దానిలో అంతకు మించిన బలమును ఉంచెను. మనమైతే మన దినదిన భారమునే ఎరుగుదుము. మనలోని బలమెంతో మనలను చేసినవానికే తెలియును. పౌలు మాట్లాడినది మన అలవాటును గూర్చి కాదు, మన శక్తిని గూర్చియే. శోధనతో కూడ తప్పించుకొను మార్గమును దేవుడే కలుగజేయునని కూడ అతడు చెప్పెను.

అయితే ఇచ్చట ఒక భయము కలదు. 2020 ఆగస్టు 1న విశాఖపట్టణములోని ఓడల నిర్మాణశాలలో 70 టన్నుల క్రేనుకు భారపరీక్ష చేయుచుండగా అది కూలి 11 మంది మరణించిరి. ప్రాణములను కాపాడవలసిన పరీక్షలోనే ప్రాణములు పోయెను. మనుష్యుల కొలత తప్పవచ్చును. కావున బిడ్డను పోగొట్టుకొనిన తల్లి ప్రక్కన కూర్చుండి, "దేవుడు నిన్ను పరీక్షించుచున్నాడమ్మా" అని తొందరపడి చెప్పకుడి. ఆయన మనస్ఫూర్తిగా నరులను బాధించువాడు కాడని విలాపవాక్యములు 3:33 తెలుపుచున్నది. ఆమెతో కలిసి ఏడ్చుట మన పని.

మరియు, మనము ఒకరినొకరు పరీక్షించుటకు హక్కు గలవారము కాము. కోడలి ఓర్పు చూతమని మాటలతో పొడుచు అత్తగారును, జీతగాని నమ్మకము చూతమని రూపాయలను గట్టుమీద విడిచిపెట్టు ఆసామియు వేయునది పరీక్ష కాదు, ఉరి. దేవుడు ఎవనిని కీడునకు లాగడని యాకోబు 1:13లో చదువుచున్నాము. ఆయన చేయనిదానిని మనమెట్లు చేయుదుము?

మరి మనకు అప్పగింపబడిన పరీక్ష ఏది? భారము క్రింద ఇతరులు నిలిచియున్నప్పుడు పరీక్షింపక విడుచుట పాపము. సంఘపు కానుకల పెట్టె క్రింద బీద విధవరాండ్రు నిలిచియున్నారు. పరిచారకులు మొదట పరీక్షింపబడవలెనని 1 తిమోతి 3:10 చెప్పుచున్నది. మంచి కుటుంబమువాడని తాళము చేతికిచ్చి, సంవత్సరములు గడిచినను లెక్క అడుగకుండుట ప్రేమ కాదు. చిన్న పనితో మొదలుపెట్టుడి. ఏటేట లెక్క చూడుడి. కాపరియైన మమ్మునుకూడ అడుగుడి. అందులో అవమానము లేదు.

ఒకసారి నెగ్గిన మోకు సహితము ఉప్పుగాలికి లోలోపల తుప్పుపట్టును. పైకి బాగుగానే యుండును. ఇరువది ఏండ్ల క్రిందట బాప్తిస్మము పొందితిమని మనము నిశ్చింతగా ఉండవచ్చునా? ఈ నెలలో ఒక రాత్రి దీపమార్పక ముందు, "ప్రభువా, నన్ను పరిశోధించుము" అని అడుగుదము. ఆయన చేతిలో కొలత తప్పదు. ఆమేన్.