కొత్త పువ్వు ఎవరిది?

ఒక పూలమొక్కలో కొత్త రకం పుట్టిందంటే అది ఎవరిది? డబ్బు పెట్టి పెంచినవాడిదా? మొదట గుర్తుపట్టినవాళ్ళదా? ఆ మొక్క తల్లి పెరిగిన అడవిని కాపాడుకుంటూ వచ్చినవాళ్ళదా? లేక గాలిలాగా, వానలాగా ఎవరిదీ కాదా? పూల గురించి ఇంత ఆలోచన ఎందుకని అనిపించవచ్చు. కానీ పువ్వు దగ్గర మనం ఒప్పుకున్న న్యాయమే రేపు విత్తనానికి వర్తిస్తుంది, మందు మొక్కకు వర్తిస్తుంది, మన పిల్లల చేతి పనికీ వర్తిస్తుంది. అందుకని చిన్నదాని దగ్గరే మొదలుపెడదాం.

నేను ఏజెన్సీలో పుట్టిన కోయవాణ్ణి. కొన్నేళ్ళుగా హనుమాన్ జంక్షన్ దగ్గరి ఒక పల్లెలో పాఠాలు చెబుతున్నాను. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే జాతీయ రహదారి, నూజివీడు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు ఇక్కడే కలుస్తాయి. ఒక పక్క నూజివీడు మామిడి తోటలు, మరో పక్క డెల్టా వరి పొలాలు, చేపల చెరువులు. రోడ్డు మధ్య డివైడర్ల మీద కాగితంపూలు, గన్నేరు. గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కల లారీలు విజయవాడ వైపు వెళ్ళేది ఈ దారినే. మా బడిలో యానాది, ఎరుకల పిల్లలు ఉన్నారు. వాళ్ళ తల్లుల్లో కొందరు నర్సరీ పనికి వెళతారు. కవర్లలో మట్టి నింపడం, కొమ్మలు కత్తిరించి నాటడం, కలుపు తీయడం, నీళ్ళు పెట్టడం వాళ్ళ పని. కాబట్టి ఈ ప్రశ్న మా బడికి దూరంగా ఏమీ లేదు.

అసలు కొత్త రకం ఎలా పుడుతుందో ముందు చూద్దాం. అది తెలియకుండా ఎవరిదో తేల్చలేం.

మొదటి దారి సంకరం. మందారాన్నే తీసుకోండి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే జాగ్రత్తగా విప్పి, పుప్పొడి తిత్తులు తీసేయాలి. మర్నాడు పొద్దున ఇంకో రంగు మందారం పుప్పొడిని తెచ్చి, కీలాగ్రం మీది ఐదు గుండ్రని తలలకు అద్దాలి. దారం కట్టి, తల్లి ఏదో తండ్రి ఏదో రాసిన చీటీ తగిలించాలి. చాలా పూలు కాయ పట్టకుండానే రాలిపోతాయి. నిలిచిన కాయ ఎండడానికి నెలన్నర, రెండు నెలలు. గింజ మొలిచి, మొక్కై, మొదటి పువ్వు పూయడానికి ఏడాది దాటుతుంది. ఒకే కాయలోని గింజలైనా ఏ రెండు మొక్కలూ ఒకేలా పూయవు. వందల మొక్కలు పెంచితే ఒకటో రెండో నచ్చుతాయి. నచ్చినదాన్ని గింజతో పెంచితే మళ్ళీ మారిపోతుంది. అందుకని కొమ్మ నాటో, అంటు కట్టో దాన్నే పెంచుతారు.

రెండో దారిలో మనిషి చేసేది ఇంకా తక్కువ. ఒక్కోసారి ఎర్రపూల చెట్టులో ఒకే ఒక్క కొమ్మకు తెల్లపూలు పూస్తాయి. చెట్టు లోపల ఎక్కడో చిన్న మార్పు దానంతటదే జరుగుతుంది. ఆ కొమ్మను గుర్తుపట్టి, కోసి, నాటితే కొత్త రకం. కాగితంపూలలో, గులాబీలలో చాలా రకాలు ఇలా వచ్చినవే. అమెరికా 1930లో మొక్కలకు పేటెంటు ఇచ్చే చట్టం చేసింది. 1931లో మొట్టమొదటి పేటెంటు ‘న్యూ డాన్’ అనే తీగ గులాబీకి దక్కింది. ఏడాదికి ఒక్కసారి పూసే గులాబీలో మళ్ళీ మళ్ళీ పూసే గుణం దానంతటదే వచ్చింది. పేటెంటు పొందినవాడు ఆ గుణాన్ని తయారు చేయలేదు. చూశాడు, గుర్తించాడు, పెంచాడు. అంటే చూసే కంటికి కూడా హక్కు ఉందని ఆ దేశపు చట్టం ఒప్పుకుందన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకుందాం, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇక పేరు సంగతి. మనం కాగితంపూలు అంటున్న మొక్క శాస్త్రీయ నామం బూగెన్‌విలియా. బూగెన్‌విల్ ఫ్రెంచి ఓడల నాయకుడు. 1766లో లోకం చుట్టి రావడానికి బయలుదేరాడు. ఆయన ఓడలలో కమర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. 1767లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో దగ్గర ఈ మొక్కను సేకరించారు. కమర్సన్‌కు సహాయకుడిగా ఒక మనిషి ఉండేవాడు. నిజానికి అది మగవేషం వేసుకున్న జాన్ బారే అనే పల్లెటూరి స్త్రీ. ఆ రోజుల్లో ఫ్రెంచి నౌకాదళం ఓడల్లోకి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు. కమర్సన్ కాలి పుండుతో బాధపడుతుంటే కొండలెక్కి, మొక్కలు కోసి, మోసుకొచ్చింది ఆమే. ఈ మొక్కను మొదట కోసుకొచ్చిన చేయి కూడా ఆమెదే కావచ్చని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పేరు మాత్రం ఓడ నాయకుడికి వచ్చింది. ఆమె పేరు ఒక మొక్కకు నిలిచింది 2012లో. దక్షిణ అమెరికాలో దొరికిన వంగ జాతి మొక్క ఒకదానికి శాస్త్రజ్ఞులు ఆమె పేరు పెట్టారు. మధ్యలో రెండున్నర శతాబ్దాలు గడిచాయి. ఇక ఓడ రాకముందు ఆ పువ్వును తరతరాలుగా చూస్తున్న అక్కడి ఆదివాసులు ఈ కథలో ఎక్కడా లేరు.

తెలుగువాళ్ళు మాత్రం పువ్వును చూసి పేరు పెట్టారు. కాగితంలా ఉంది కాబట్టి కాగితంపువ్వు. అందులో ఎవరి గొప్పా లేదు, ఎవరికీ అన్యాయమూ లేదు. మన అడవి పేర్లు కూడా చాలావరకు ఇలాంటివే.

ఇప్పుడు ఒక సంగతి ఊహించుకుందాం. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక నర్సరీ. అక్కడ కూలికి వెళ్ళే ఒక యానాది అక్క కాగితంపూల మొక్కలకు నీళ్ళు పెడుతూ, ఒక కొమ్మకు అంతకుముందు లేని రంగు రావడం చూసింది. యజమానికి చూపించింది. ఆయన ఆ కొమ్మను అంటు కట్టి, రెండు మూడేళ్ళు పెంచి, రంగు నిలుస్తోందని తేల్చుకున్నాడు. కూతురి పేరు పెట్టి అమ్మాడు. మంచి ధర వచ్చింది. అక్కకు ఏం రావాలి?

యజమాని పక్షాన మొదటి మాట: ‘కూలి ఇచ్చాను కదా.’ నిజమే. కానీ కూలి దేనికిచ్చాడు? నీళ్ళు పెట్టినందుకు. పక్క మొక్కలకు నీళ్ళు పెట్టినవాళ్ళకూ అదే కూలి. ఆమె కన్ను చేసిన పనికి ఆ కూలిలో లెక్క లేదు. పరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞుడూ జీతం తీసుకుంటాడు. అయినా ఆయన తెచ్చిన రకం గురించి రాసేటప్పుడు ఆయన పేరు రాస్తారు. గోధుమ శాస్త్రజ్ఞుడు బి.పి. పాల్ 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆయన ఎన్నో గులాబీ రకాలు కూడా పుట్టించారు. వాటి పక్కన ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా చెబుతారు, అలా చెప్పడం న్యాయం. జీతం తీసుకున్నంత మాత్రాన శాస్త్రజ్ఞుడి పేరు చెరిగిపోనప్పుడు, కూలి తీసుకున్నంత మాత్రాన అక్క పేరు ఎందుకు చెరిగిపోవాలి?

యజమాని పక్షాన రెండో మాట బలమైనది: ‘చూడడం ఒక్క నిమిషం. నేను మూడేళ్ళు పెంచాను. నిలవకపోతే నష్టం నాదే.’ ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పైన మందారం సంగతిలో చూశాం, ఎంత ఓపిక కావాలో. ఆయన వాటా పెద్దదే. న్యాయం అంటే ఆయనది లాక్కోవడం కాదు. ఆయన వాటా పక్కన ఆమె వాటానూ రాయడం. పేరు ఒకటి, రాబడిలో కొంత ఒకటి.

మన దేశపు చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే ముందుంది. మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టం 2001లో వచ్చింది. గులాబీ, చామంతి లాంటి పూలమొక్కల రకాలు కూడా దీని కింద నమోదవుతాయి. కొత్త రకం నమోదు కావాలంటే అది కొత్తదై ఉండాలి, మిగతావాటి నుంచి తేడాగా కనిపించాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరం మారినా గుణం నిలవాలి. చెట్లకు, తీగలకు 18 ఏళ్ళు, మిగతా పంటలకు 15 ఏళ్ళు హక్కు ఉంటుంది. మన యువత తప్పక తెలుసుకోవలసింది ఇందులో ‘రైతు’ అనే మాటకు ఇచ్చిన అర్థం. పొలం దున్నేవాడే కాదు, అడవి జాతుల మొక్కలను, పాత రకాలను కాపాడేవాళ్ళు, వాటిలోని ఉపయోగకరమైన గుణాలను గుర్తించి ఎంపిక చేసేవాళ్ళు కూడా రైతులే. ఒక రకం పుట్టడంలో తమ పాత్ర ఉందని ఊరు మొత్తం కలిసి వాటా అడగవచ్చు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై మనకు సామూహిక హక్కు ఉందని చెబుతోంది. కాగితం మీద ఉన్నది చేతికి రావాలంటే అడిగేవాళ్ళు ఉండాలి. అడగాలంటే రాసిపెట్టినది ఉండాలి.

కేరళ కాణి ఆదివాసుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రజ్ఞులకు దారి చూపుతూ వెళ్ళిన కాణివాళ్ళు ఏవో చిన్న కాయలు నములుతూ అలసట లేకుండా నడిచారు. అదేమిటని అడిగితే మొదట చెప్పలేదు. తరవాత చెప్పారు. ఆ మొక్క పేరు ఆరోగ్యపచ్చ. దాని నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు లైసెన్సు ఇచ్చినప్పుడు ఆ రుసుములో, రాయల్టీలో సగం కాణివాళ్ళకు ఇస్తామని పరిశోధన సంస్థ ఒప్పుకుంది. 1997లో కాణివాళ్ళ ట్రస్టు ఏర్పడింది. మంచి పని. కానీ కాణివాళ్ళందరూ సంతోషించలేదు. తమ వైద్య పెద్దలను అడగకుండా ఇద్దరు ముగ్గురు చెబితే సమాజం చెప్పినట్లేనా అని కొందరు అడిగారు. వాటా వచ్చాక కూడా ‘మనం’ అంటే ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దాన్ని బయటివాళ్ళు తేల్చలేరు, మనమే తేల్చుకోవాలి.

ఇక్కడ మనవాళ్ళలోనే రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి: ‘మనకు తెలిసినది బయట చెప్పకూడదు. చెప్పినప్పుడల్లా మోసపోయాం.’ ఈ కోపానికి కారణాలున్నాయి. పసుపుకు గాయం మాన్పే గుణం ఉందని మన అమ్మమ్మలందరికీ తెలుసు. దాని మీదే 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన దేశం పాత గ్రంథాలు చూపించి వాదించాక 1997లో రద్దయింది. గ్రంథాల్లో రాసి ఉంది కాబట్టి గెలిచాం. మన అడవి జ్ఞానం చాలావరకు నోటిమాటే. దాచినది దాచినట్టే పెద్దవాళ్ళతో పాటు మట్టిలో కలిసిపోతే, మోసం చేయడానికి ఎవరూ రానక్కర్లేదు. మనమే పోగొట్టుకున్నవాళ్ళం అవుతాం.

రెండో అభిప్రాయం: ‘పువ్వు ప్రకృతిది. మనది అనడమే తప్పు.’ వినడానికి గొప్పగా ఉంది. నిజం కూడా ఉంది. మనం ఏజెన్సీలో పండించే మొక్కజొన్న ఎక్కడిది? మెక్సికో ఆదివాసులు వేల ఏళ్ళ కిందట ఒక గడ్డిజాతి మొక్క నుంచి ఎంపిక చేస్తూ, చేస్తూ తయారు చేసిన పంట అది. మిరపకాయ, టమాటా అటువైపు నుంచి వచ్చినవే. పూర్తి లెక్క కట్టి అప్పు తీర్చాలంటే భూమి మీద ఎవరూ తీర్చలేరు. మనమూ పుచ్చుకున్నవాళ్ళమే. అయితే ‘ఎవరిదీ కాదు’ అనే మాట అందరినీ సమానంగా కట్టేయడం లేదు. యజమాని అమ్ముకుంటాడు, కంపెనీ నమోదు చేసుకుంటుంది. ఎవరిదీ కాదని నమ్మి ఊరుకునేది కూలి అక్క ఒక్కతే. ఒక వైపువాళ్ళు మాత్రమే పాటించే ధర్మం ధర్మం కాదు.

నాకు తోచిన జవాబు మన కొత్తల పండుగలో ఉంది. మామిడి కాయ కాసినా, కొత్త గింజ పండినా ముందు దేవతకు, పెద్దలకు పెట్టందే మనం నోట పెట్టం. చెట్టు మనదే కావచ్చు, కాయ మనమే కోసి ఉండవచ్చు. అయినా మొదటి వాటా మనకు ముందున్నవాళ్ళది. ఆ వాటా తీశాకే మిగతాది మనది. అంటే సొంతం అనే మాట కంటే ముందు బాకీ అనే మాట ఉంది. కొత్త పువ్వు విషయంలో ఆ బాకీ రెండు రకాలు. చూసినవాళ్ళ, పెంచినవాళ్ళ, కాపాడినవాళ్ళ పేర్లు చెప్పి వాటా ఇవ్వడం ఒకటి. మన తరవాత వచ్చేవాళ్ళకు దారి మూయకపోవడం రెండోది. చట్టం కూడా నమోదైన రకాన్ని తల్లిగా వాడుకుని మరొకరు పరిశోధనతో ఇంకో రకం పుట్టించడాన్ని ఆపదు. తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వచ్చినవాడు దాన్ని మూయకూడదన్నదే దీని భావం.

దారి మూసుకుపోవడం ఎలా ఉంటుందో కనకాంబరం చూపిస్తుంది. ఇది దక్షిణ భారతపు సొంత మొక్క. మామూలు కనకాంబరం ఎండిన కంకి మీద నీళ్ళు చల్లితే కాయలు టప్పున పగిలి గింజలు చిమ్ముతాయి. పిల్లలకు అదో ఆట. ఢిల్లీ కనకాంబరం అని పిలిచే రకానికి మంచి రంగు, మంచి గిరాకీ ఉంది. కానీ దాని కణాల్లో ఒక్కో రకం క్రోమోజోములు మూడేసి ఉంటాయి. సమానంగా విడిపోలేవు కాబట్టి గింజ పట్టదు. కొమ్మ నాటితేనే మొక్క. పంటగా అది మంచిదే, వేయవద్దని ఎవరూ అనరు. అయితే అందరం అదొక్కటే నాటి, గింజ కట్టే పాత కనకాంబరాన్ని పెరట్లోంచి పీకేస్తే, రేపు ఇంకో కొత్త రకం పుట్టడానికి తల్లి ఉండదు. పాతదాన్ని నిలబెట్టుకుంటేనే కొత్తది వస్తుంది. ఆ నిలబెట్టే పనికి ఇప్పటివరకు ఎవరూ కూలి ఇవ్వలేదు. ఆ పని ఎక్కువగా చేసింది అడవుల్లో మనవాళ్ళు, పెరళ్ళలో ఆడవాళ్ళు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మన బడులలో వంద పేజీల నోటుపుస్తకం ఒకటి ఈ పనికి పెడదాం. ఏ మొక్క, ఎక్కడ, ఏ నెలలో పూసింది, ఏ తేడా కనిపించింది, మొదట ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అన్నవి తేదీతో రాయిద్దాం. పెద్దలు చెప్పవద్దన్నది రాయవద్దు. చెప్పమన్నదాని పక్కన వాళ్ళ పేరు తప్పక రాయాలి. మందారానికి పుప్పొడి అద్దడం ఏడో తరగతి పిల్లలు కూడా నేర్చుకోగలరు. పది కాయల్లో ఒక్కటి నిలిచినా ఏడాది తరవాత ఆ పిల్లల్లో ఒకరు లోకంలో ఎవరూ చూడని పువ్వును చూస్తారు.

యువ మిత్రులకు ఇంకో మాట. నర్సరీ పని చిన్న పని అనుకోకండి. అంటు కట్టే చేతికీ తేడా పట్టే కంటికీ చదువు తోడైతే, కూలీగా వెళ్ళినచోటే రకం పుట్టించినవాళ్ళుగా నిలబడవచ్చు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007 నుంచి ఉంది. హనుమాన్ జంక్షన్ నుంచి అదేమీ పెద్ద దూరం కాదు. అక్కడికి మన పిల్లలు చదువుకోవడానికీ వెళ్ళాలి, మన నోటుపుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగడానికీ వెళ్ళాలి. ఒకనాడు మనవాళ్ళే యజమానులై నర్సరీలు పెడతారు. ఆ రోజు నీళ్ళు పెట్టే మనిషి వచ్చి ‘అన్నా, ఈ కొమ్మ చూడు’ అంటే, ముందు ఆ మనిషి పేరు అడిగి రాసుకోవాలి. కొమ్మ కోయడం ఆ తరవాత.