రాకపోవుట వేరు, లేకపోవుట వేరు

మైలాపూరు, చెన్నపట్టణము.



నాయనా, నీ జాబు చేరినది. తరమణిలో మీ ఆఫీసునందు నిర్దోషముగ నడచిన రైళ్ళ ప్రోగ్రాము, సిగ్నలు సరిగా నందని ఊళ్ళలో ఫోన్లు వాడువారి చేతిలో తప్పుడు సమాచారము చూపుచున్నదని వాపోతివి. కోడు చదివితిని. తర్కము సరిగానే యున్నది గాని, సర్వరును అడిగిన క్షణమునకును, సమాధానము వచ్చు క్షణమునకును నడుమ గడచు కాలమును నీవు లెక్కలోనికి తీసికొనకపోతివి.

పూర్వము ఈ నిరీక్షణ కన్నులకు కానవచ్చెడిది. 1959లో పశ్చిమ జర్మనీ సహాయముతో ఇచ్చట వెలసిన ఐ.ఐ.టి.లో 1973లో ఐ.బి.ఎం. 370/155 నెలకొల్పిన పిదప, చిల్లుల కార్డుల కట్టను అప్పగించి, అచ్చుకాగితము వెలువడువరకు విద్యార్థులు తమ తమ పనులు చూచుకొనెడివారు. కాగితము చేతికి రాకముందే జవాబు సున్న యని నోటుపుస్తకమున వ్రాసికొను వాడెవ్వడును ఉండడు గదా. నీ తెర ఆ పనియే చేయుచున్నది! రైళ్ళ జాబితాను ఖాళీ పట్టీగా ప్రారంభించితివి. అందుచే సమాచారము ఇంకను దారిలో నుండగనే, సెంట్రల్ స్టేషను నుండి విజయవాడకు బండ్లు లేవని ప్రకటించును. మనుమరాలి పెండ్లికి పోవలసిన ముసలాయన యొకడు ఆ మాట నమ్మి ఫోను కట్టివేయవచ్చును. ఇంకను రాలేదనుట, వచ్చినది గాని శూన్యమనుట, వచ్చు దారిలో చెడినదనుట, ఈ మూడింటికిని కోడులో వేర్వేరు పేర్లును, తెరపై వేర్వేరు మాటలును ఉండవలెను.

ఇంతకంటె సూక్ష్మమైన దోషము మరియొకటి కలదు. విజయవాడ నడిగిన యతడు మనసు మార్చుకొని తిరుపతి నడిగెననుకొనుము. రెండవ సమాధానము ముందు వచ్చి, మొదటిది ఆలస్యముగ వచ్చి దానిపై కూర్చుండినచో, తిరుపతి శీర్షిక క్రింద విజయవాడ బండ్లు కనబడును. అడిగిన వరుసలోనే సమాధానములు వచ్చునన్న హామీ ఎవ్వరును నీకీయలేదు. పాత అభ్యర్థనను అబార్ట్‌కంట్రోలరుతో రద్దుచేయుము. లేదా ప్రతి అభ్యర్థనకు ఒక సంఖ్య నిచ్చి, కడపటిది కాని సమాధానమును విడిచిపెట్టుము.

2017లో జావాస్క్రిప్టు ప్రమాణమున చేరిన అసింక్, అవెయిట్ పదములు కోడును చదువుటకు సుఖముగ చేసినవి. ఆ సుఖమే నిరీక్షణను మరపించునని నాకొక అనుమానము. ఒకదానిపై నొకటి ఆధారపడని రెండభ్యర్థనలను వరుసగ నిలువబెట్టితివి, వానిని ప్రామిస్.ఆల్ తో ఏకకాలమున పంపుము. క్యాచ్ ను మాత్రము మరువకుము, ఖాళీగను విడువకుము. పట్టువారులేని వైఫల్యము ప్రోగ్రామునే ఆపివేయునట్లు నోడ్ వారు 2020లో 15వ వెర్షనునుండి మార్చిరి. కఠినమే గాని న్యాయము. మరల ప్రయత్నించుట చదువు అభ్యర్థనలకు చెల్లును. టిక్కెట్టు సొమ్ము చెల్లింపునకు ఆలోచింపక చేసితివా, ఖాతాలో రెండుమార్లు కోత పడవచ్చును.

బ్రౌజరులో నెట్‌వర్కు వేగమును 3జీకి తగ్గించి, నడుమ నొకసారి పూర్తిగ తెంచి, నీ పేజీని నీవే వాడి చూడుము. ఏ తెర ఏమి చెప్పినదో ఆదివారములోపల నాకు వ్రాయుము.

ఇట్లు,
తాతయ్య